రోహిణి కార్తెలో బొంత, పడమటి బాల్కనీలో మిషను

ఎండాకాలంలో బొంత కుడుతున్నానంటే మెట్ల దగ్గర ఎదురైన ప్రతివాళ్ళూ ఒకటే ప్రశ్న, "ఈ ఎండల్లో బొంతేంటమ్మా, కప్పుకుంటావా?" అని. కింద పోర్షన్ పిన్నిగారైతే ఇంకో అడుగు ముందుకేసి, ఎండకి నా బుర్రేమైనా తిరిగిందేమోనని మా ఆయన్ని పక్కకి పిలిచి మరీ కనుక్కున్నారట. బుర్ర తిరిగిన మాట నిజమే. అది బొంత వల్ల కాదు, ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు ఈ కప్పుకోవడం సంగతి తేల్చుకుందాం. మన బొంత కప్పుకునేది కాదు, పరుచుకునేది. నులకమంచం మీద ఒంటికి గుచ్చుకోకుండా వేసేది, డాబా మీద పక్క వేసేటప్పుడు అడుగున పరిచేది, పసిపిల్లల్ని పడుకోబెట్టేది. చలిదేశాల వాళ్ళు క్విల్టింగ్ వీడియోల్లో, చలికాలం రాగానే పని ఒళ్ళో వేసుకుని కూర్చుంటే కాళ్ళు ఎంత వెచ్చగా ఉంటాయో అని మురిసిపోతుంటారు. బెజవాడలో మే నెలలో ఒళ్ళో బొంత వేసుకుంటే చిలగడదుంప ఉడికినట్టు ఉడుకుతాం. ఉడికినా సరే, తెనాలి దగ్గర మా అమ్మ వాళ్ళ ఊళ్ళో బొంతలు కుట్టింది మాత్రం ఎండాకాలంలోనే. వరి కోతలైపోయి, మినుములు కూడా ఇంటికొచ్చేశాక, మళ్ళీ నారుమడి దాకా ఆడవాళ్ళకి కాస్త ఊపిరాడేది ఆ రెండు నెలలే. పాత చీరలు ఉతికి ఆరేస్తే గంటలో పెళపెళలాడతాయి. పిల్లలకి సెలవులు కాబట్టి సూదిలోకి దారం ఎక్కించడానికి చిన్న కళ్ళు దొరుకుతాయి. పైగా కుట్టిన బొంత కుట్టినట్టే ఆ రాత్రి డాబా ఎక్కేస్తుంది. కాబట్టి కాలం తప్పు కాదు. తప్పంతా కుట్టే చోటులో ఉంది, నా గొడవంతా దాని గురించే.

2025 మేలో నేను కుట్టింది మా తోడికోడలి చీరలతో. వాళ్ళది సింగ్‌నగర్. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు వాళ్ళ కింది గది మొత్తం మునిగింది. బీరువాలో కింది రెండు అరల్లో ఉన్న చీరలు రోజుల తరబడి బురదనీళ్ళలో నానాయి. పట్టుచీరలు ఎందుకూ పనికిరాకుండా పోయాయి. నేత చీరలు, అంటే మంగళగిరివి మూడు, చీరాలది ఒకటి, వాళ్ళమ్మగారి కాలం నాటి ఏ ఊరిదో తెలియని గళ్ళ చీర ఒకటి, ఎన్నిసార్లు ఉతికినా చావలేదు, బురద చార మాత్రం అలాగే ఉండిపోయింది. "నువ్వు బొంతలు కుడతావుగా, ఇవి తీసుకెళ్ళవే, నా కళ్ళ ముందు ఉంటే ఏడుపొస్తోంది" అని మూటగట్టి ఇచ్చేసింది. చలికాలమంతా ఆ మూట విప్పలేదు నేను. విప్పితే ముక్కిపోయిన వాసన. ఏప్రిల్‌లో ఎండలు ముదిరాక విప్పి, ముందు తడపకుండా డాబా మీద దులిపి, ఎండిన మట్టిని బట్టల బ్రష్షుతో రాల్చి, ఆ తర్వాతే నీళ్ళల్లో వేశాను (తడి బట్ట మీద మట్టిని రుద్దితే పోగుల్లోకి ఇంకా దిగుతుంది, ఇది నేను ఒక చీర పాడుచేసుకుని నేర్చుకున్నది). మూడు రోజుల ఎండకి ఆ వాసన పోయింది. ఆ మూడు రోజులూ బెజవాడ ఎండని ఒక్క మాట అనలేదు నేను.

బుర్ర తిరిగిన సంగతికి వస్తాను.

మాది పై పోర్షన్. రెండు గదులు, హాలు, వంటిల్లు, దాని వెనక గ్రిల్లు పెట్టి అద్దాలు బిగించిన చిన్న బాల్కనీ. కుట్టుమిషను ఆ బాల్కనీలో ఉంటుంది, ఉండేది. మా అత్తగారి నల్ల మిషను, కాలితో తొక్కేది, దానికి తర్వాత మోటారు పెట్టించాం. బాల్కనీ పడమటి ముఖం. మధ్యాహ్నం రెండు దాటాక ఎండ తిన్నగా అద్దాల్లోంచి వచ్చి మిషను మీద పడుతుంది, పైన శ్లాబ్ అప్పటికే కాలి ఉంటుంది. చేత్తో ముట్టుకుంటే మిషను చక్రం చురుక్కుమంటుంది. ఆ రోజు ముక్కలు ఇస్త్రీ చేస్తున్నాను. ఫ్యాను ఆపేశాను, ఎందుకంటే ఫ్యాను వేస్తే జానెడు ముక్కలు జానెడు ముక్కలూ కాకుల్లా ఎగిరిపోతాయి. ఇంట్లో కుట్టుకునే ఏ ఆడమనిషినైనా అడగండి, ఎండాకాలంలో ఫ్యాను ఆపుకుని కూర్చునేది మేమూ, కర్పూరం వెలిగించే పూజారిగారూ. సుమారు రెండున్నరప్పుడు కళ్ళ ముందు నల్లచుక్కలు వచ్చాయి, చెవుల్లో హోరు, చేతులు చల్లబడి ఒళ్ళంతా కారిపోతున్న చెమట. గోడ పట్టుకుని కింద కూలబడ్డాను. లేచి ఇన్ని మజ్జిగ నీళ్ళు తాగి హాల్లో నేల మీద పడుకునేసరికి వాసనొచ్చింది. ఇస్త్రీపెట్టె బట్ట మీదే వదిలేశాను. మంగళగిరి చీర నిజాం అంచు, నీటిలో రోజుల తరబడి నానినా చెక్కుచెదరని అంచు, ఇస్త్రీపెట్టె ఆకారంలో గోధుమరంగుకి మాడిపోయింది.

ఆ రోజు ఉదయమే ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా బయటికి రావద్దని. నేను బయటికి రాలేదు. బుద్ధిగా ఇంట్లోనే ఉన్నాను. నాకు కోపం వచ్చింది అక్కడే. 2015 మే వడగాడ్పుల్లో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యి మందికి పైగా చనిపోయారు, కాబట్టి ఆ హెచ్చరికలు అవసరమే, నేను కాదనను. కానీ అవి రాసేవాళ్ళ బుర్రలో బయట అంటే ఎండ, ఇల్లు అంటే నీడ. వంటింట్లో పొయ్యి ముందు నిలబడే మనిషికీ, రేకుల కింద మిషను తొక్కే మనిషికీ ఇంట్లోనే ఒక బయట ఉంటుందని ఎవరూ అనుకోరు.

ఇంకా చెప్పాలంటే మా ఇంట్లో చల్లని గది లేక కాదు. ఉంది. ఉత్తరం వైపు కిటికీ, ఒక టన్ను ఏసీ. పగలు ఆ గదిలో ఎవరుంటారు? ఎవరూ ఉండరు. మా ఆయన ఆఫీసులో, అబ్బాయి కాలేజీలో, మంచం మీద దుప్పటి మడత నలక్కుండా హాయిగా ఉంటుంది. పొద్దున్నించి సాయంత్రం దాకా ఇంట్లో ఉండే మనిషి మాత్రం ఇంట్లోకెల్లా వేడి చోట ఉంటుంది. ఇది నన్నెవరూ బలవంతంగా కూర్చోబెట్టింది కూడా కాదు. మిషను అంటే సామాను, సామాను అంటే వెనక బాల్కనీ, చీపురు, గ్యాస్ బండ, పాత పేపర్లు, వాటి పక్కన మిషను. దాని ముందు ఒక మనిషి రోజుకి నాలుగైదు గంటలు కూర్చుంటుందనే లెక్క ఇల్లు కొన్నప్పుడు ఎవరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

మిషన్‌ని ఉత్తరం గదిలోకి మారుద్దామన్నాను.

"బెడ్రూమ్‌లో మిషనేంటి, ఎవరైనా వస్తే చూడ్డానికి బాగుంటుందా?" అన్నారు మా ఆయన.

"మన బెడ్రూమ్‌లోకి ఎవరొస్తారండీ?"

దానికి జవాబు లేదు. అయినా రెండు రోజులు ఆలోచించాలన్నారు. మూడో రోజు అబ్బాయీ నేనూ కలిసి మిషన్‌ని తలుపుల్లోంచి ఏటవాలుగా తిప్పి లోపల పెట్టేశాం. కిటికీ పక్కన. దారపుముక్కలు మంచం మీదికి రాకూడదన్న షరతు మీద.

ఇక్కడ ఎవరైనా "అయితే ఏసీ వేసుకుని కుట్టుకోవడమేగా, దీనికింత వ్యాసం ఎందుకు" అనవచ్చు. పగలంతా ఏసీ వేస్తే కరెంటు బిల్లు చూసి మళ్ళీ కళ్ళు తిరుగుతాయి. అదీకాక ఏసీ గదిలో ఇస్త్రీ చేయడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. ఒక టన్ను ఏసీ సుమారు 3,500 వాట్ల వేడిని బయటికి తోడగలదు. మామూలు ఇస్త్రీపెట్టె 1,000 వాట్లు, దాని దీపం వెలుగుతున్నంతసేపూ ఆ వెయ్యీ వేడిగా గదిలోకే వస్తుంది. అంటే ఏసీ చేసే పనిలో పావు వంతు పైన మన ఇస్త్రీపెట్టెకే పోతుంది. ఊరికే కూర్చున్న మనిషి ఒంటి నుంచి వచ్చే వేడి వంద వాట్ల వరకు ఉంటుందంటారు. ఆ లెక్కన ఇస్త్రీపెట్టె పెట్టడమంటే గదిలోకి ఇంకో పదిమంది చుట్టాల్ని పిలిచి తలుపేసుకోవడం. మిషను మోటారు, లైటు పాపం అమాయకులు, వాటి వేడి ఎంతో లేదు.

అందుకని ఇస్త్రీ మొత్తం తెల్లవారుజామున ఐదింటికి, డాబా మెట్ల దగ్గర, ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టుకుని. ఆరున్నరకల్లా పెట్టె తీసి లోపల పెట్టేయడమే. సగం ఇస్త్రీ అసలు మానేశాను కూడా. కత్తిరించక ముందే చీరకి పల్చగా గంజి పెట్టి, దండెం మీద ముడతలు లాగి ఆరేస్తే, ఆరిన బట్ట కాగితంలా నిలబడుతుంది, మడత పెట్టి గోటితో గీస్తే ఇస్త్రీ చేసినట్టే గీత పడుతుంది. మా అమ్మ వాళ్ళకి ఇస్త్రీపెట్టె ఎక్కడిది, గోరూ, పరుపు కిందా, అంతే. బొంత పూర్తయ్యాక ఒకసారి ఉతికి గంజి వదిలించాలి, లేకపోతే పురుగు పడుతుంది, అదొక్కటి గుర్తుంచుకోవాలి.

ఫ్యాను గొడవ మాత్రం చాలా రోజులు తెగలేదు. చివరికి చింతపిక్కలు పనికొచ్చాయి. పేలికలతో అరచేతిలో పట్టేంత చిన్న సంచులు కుట్టి, వాటినిండా చింతపిక్కలు పోసి మూతి కుట్టేశాను. ముక్కల దొంతరకి ఒకటి చొప్పున పైన పెడితే ఫ్యాను ఐదులో ఉన్నా కదలవు. దీనికి తోడు టేబుల్ ఫ్యానుని బల్ల మీద కాకుండా నేల మీద పెట్టి వీపుకీ కాళ్ళకీ తగిలేలా తిప్పాను. గాలి నాకే తగులుతుంది, బట్టకి కాదు. ఒకావిడ ఫోన్లో కాళ్ళు చన్నీళ్ళ బకెట్‌లో పెట్టుకుని కుట్టుకోమని సలహా ఇచ్చారు. కరెంటు పెడలు తొక్కే కాళ్ళని బకెట్‌లో పెట్టుకుంటే ఆ తర్వాత బొంత నా మీదే కప్పాల్సి వస్తుంది.

అసలు మన ఊరి ఎండ ఒకటి కాదు, రెండు, ఈ తేడా తెలియకే చాలామంది డబ్బులు తగలేస్తారు. బెజవాడని బ్లేజ్‌వాడ అన్నది కట్టమంచి రామలింగారెడ్డి గారని చెబుతారు, ఆయన అన్నది మొదటి రకం ఎండ చూసి అయ్యుంటుంది. పడమటి గాలి కొట్టే రోజుల్లో వచ్చేది మాడు ఎండ, పెదవులు పగులుతాయి, బట్ట చిటపటలాడుతుంది, చెమట పట్టినట్టే తెలియదు, ఎందుకంటే పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. ఆ రోజుల్లో కూలర్ బంగారం, కిటికీకి తడిపిన వట్టివేళ్ళ తడిక కట్టినా, మెడ మీద తడి తువ్వాలు వేసుకున్నా హాయి. గాలి తిరిగి సముద్రం వైపు నుంచి వచ్చిందా, టెంపరేచర్ రెండు డిగ్రీలు తగ్గినట్టు టీవీలో చూపిస్తారు గానీ మనిషి మాత్రం ఇడ్లీపాత్రలో ఉన్నట్టుంటాడు. అది ఉక్కపోత. కృష్ణ పక్కనే ఉంది, సముద్రం డెబ్భై కిలోమీటర్లే, గాల్లో అప్పటికే నీళ్ళు నిండి ఉంటే చెమట ఎక్కడికి పోతుంది? ఆ రోజు కూలర్ వేస్తే గదిలోకి ఇంకా తేమ తోడుకున్నట్టే. కిటికీలు ఎదురెదురుగా తెరిచి ఫ్యాను వేసుకోవడమే దారి. ఫ్యానుకీ ఒక హద్దుంది. గది 40 డిగ్రీలు దాటితే ఫ్యాను చల్లబరచదు సరికదా, వేడి గాలిని మన ఒంటి మీదికి కొడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మా పడమటి బాల్కనీలో ఒకసారి గడియారంతో పాటు ఉండే చిన్న థర్మామీటరు పెట్టి చూశాను, నాలుగింటికి 43. అక్కడ ఫ్యాను వేసుకుని ఉన్నా చల్లబడేదాన్ని కాదన్నమాట, ఇన్నేళ్ళూ ముక్కలెగిరిపోతాయని ఆపుకుంటే ఆపుకున్నాను.

సూది కూడా ఉక్కపోతకి మొరాయిస్తుంది. చెమట వేళ్ళకి జారుతుంది, బట్టలోకి దిగదు, రెండు రోజులు గుచ్చి వదిలేస్తే తుప్పు చుక్క పడుతుంది, ఆ చుక్క పోదు. వేళ్ళకి కాస్త పౌడరు రాసుకుని, సూదిని మధ్యమధ్యలో తల వెంట్రుకల్లోంచి ఒకసారి లాగితే నూనె అంటి సాఫీగా దిగుతుంది. మా అమ్మమ్మ ఇలా చేస్తుంటే నాకు చిన్నప్పుడు తల గోక్కుంటోంది అనిపించేది.

కానీ ఒళ్ళో బరువే అసలు బాధ. చీర ఐదున్నర మీటర్లు, మూడు మడతలు వేస్తే ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, అంటే ఒక మనిషి పడుకునేంత. లోపల అలా మడిచిన చీర ఒకటి, కింద ఒక పొర, పైన ముక్కల పొర, మొత్తం ఐదు పొరలు. అయిదుకి మించితే నా వేళ్ళ వల్ల కాదు. ఇదంతా ఒకేసారి టాకాలు వేసుకుని ఒళ్ళోకి తీసుకుంటే నడివేసవిలో రగ్గు కప్పుకున్నట్టే. అందుకని ఈసారి బొంతని ఆరు చదరాలుగా విడగొట్టాను. ఒక్కో చదరం రెండడుగులు, దాని పొరలు దానివి, దాని కుట్లు దానివి. అంచుల దగ్గర బెత్తెడు కుట్టకుండా వదిలేసి, ఆరూ అయ్యాక కలిపాను. చదరం తొడ మీద పట్టేస్తుంది, మోకాళ్ళకి గాలాడుతుంది. కర్ణాటకలో సిద్దీ తెగ ఆడవాళ్ళు కుట్టే కవంది అనే బొంత చూశాక, కుట్టే వరసా మార్చాను. వాళ్ళు అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ మధ్యలోకి వస్తారు. అంచులు ముందే కుట్టేయడంతో ముక్కలు జారవు, గుండుసూదులు గుచ్చుకోవు. లోపల పాలిస్టర్ దూది పెట్టమని కొట్టువాళ్ళు అంటారు, ఉబ్బెత్తుగా కనిపిస్తుందని. మన ఊళ్ళో పాలిస్టర్ మీద పడుకున్నవాడికి వీపు తడిసి ముద్దవుతుంది. చీరలో చీరే పెట్టాలి.

పని వేళ కూడా చెప్పాలి. ఐదు నుంచి ఎనిమిదిన్నర దాకా ఇస్త్రీ, కత్తిరింపు. తొమ్మిది నుంచి పదకొండున్నర దాకా మిషను, చేతికుట్టు. ఆ తర్వాత నాలుగున్నర దాకా సూది ముట్టను. ఎండ నెత్తిమీద ఉండేది పన్నెండింటికైనా వేడి ముదిరేది రెండుకీ నాలుక్కీ మధ్య, పైన శ్లాబ్ తాగిన వేడిని కక్కేది సాయంత్రం నుంచి, అందుకే పొద్దు గుంకాక ఇంట్లో ఇంకా ఉక్కగా ఉంటుంది. ఆ వేళకి డాబా మీద చాప వేసుకుని నాలుగు వరసలు కుట్టుకోవడమే మేలు. గంటకోసారి గ్లాసుడు నీళ్ళో, ఉప్పేసిన పల్చటి మజ్జిగో. ఆడవాళ్ళం ఒక చెడ్డ అలవాటు చేసుకుంటాం, ఈ వరస అయ్యాక లేద్దాం, ఈ వరస అయ్యాక లేద్దాం అని. నాకు కళ్ళు తిరిగింది ఆ అలవాటు వల్లే. చెమట కారుతూ తల తిరిగితే నీడ, నీళ్ళు, లీటరు నీళ్ళలో ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు. ఒళ్ళు కాలిపోతూ మాట తడబడితే మాత్రం మజ్జిగ పనిచేయదు, 108 కి ఫోన్ చేసి, అది వచ్చేలోగా ఒంటి మీద నీళ్ళు పోసి విసరడమే.

ఇదంతా నాకు కుదిరింది. ఎందుకు కుదిరిందంటే నేను ఇంకొకరికి లెక్క చెప్పక్కర్లేదు కాబట్టి. నా చీరలకి ఫాల్స్ కుట్టిపెట్టే అమ్మాయి చిట్టినగర్‌లో కొండవాలు మీద రేకుల ఇంట్లో ఉంటుంది. చీరకింత అని లెక్క. పెళ్ళిళ్ళ సీజన్ అంటే మే నెలే, పదకొండున్నరకి సూది పక్కన పెట్టు అని ఆ పిల్లకి చెప్పడానికి నాకు నోరెలా వస్తుంది? "నాలుగింటి దాకా రేకు మీద చెయ్యి పెట్టలేమక్కా" అంది. రేకుల మీద పాత గోనెపట్టాలు పరిచి పొద్దున, మధ్యాహ్నం నీళ్ళు చల్లుతుంది, అదీ మునిసిపాలిటీ నీళ్ళు వచ్చిన రోజు. మిషన్‌ని ఇంట్లోంచి బయటికి లాగి, పక్కింటి మెట్ల కింద నీడలో పెట్టుకుంది. అంటే ఫోన్లో వచ్చే మెసేజ్‌కి సరిగ్గా తలకిందులు, ఆ పిల్ల వడదెబ్బ తప్పించుకోవడానికి బయటికి వచ్చింది. నేను చేసింది కూడా అదే పని, కాకపోతే నాకు లోపలికి వెళ్ళడానికి ఒక గది ఉంది.

బొంత రోహిణి కార్తెలో కలిపాను. భరణి ఎండకి బండలు, రోహిణి ఎండకి రోళ్ళు పగులుతాయంటారు, నా వేలి చివర్లు మాత్రం పగిలాయి. మాడిన అంచు ముక్కని పారేద్దామనుకుని, దాని మీద గళ్ళ చీర ముక్క అతికి చుట్టూ దగ్గర దగ్గర కుట్లు వేశాను. బురద చార ఉన్న పన్నాని మొదట అడుగు పొరలోకి తోసేశాను. తర్వాత విప్పి పైకి తెచ్చాను. ఆ చారలో ఒక వంకర ఉంది, నీళ్ళు రోజుకింత చొప్పున తగ్గినప్పుడు ఏర్పడిన నాలుగు గీతలు, ఒకదాని కింద ఒకటి, లేత గోధుమరంగులో. నా కుట్టు వరసల్ని వాటి వెంటే నడిపించాను, అదే వంకరతో. స్కేలు పెట్టి గీసినా అంత బాగా రాదు.

మృగశిర వచ్చిన వారానికి తోడికోడలు వచ్చింది. బొంత డాబా మీద పరిచి ఉంది. చెప్పులు విప్పి, కూర్చోకుండా వంగి ఆ గీతల మీద వేలు పెట్టింది.

"ఇది పోలేదా?"

"పోలేదక్కా."

ఇంకేమీ అనలేదు. కాసేపటికి దాని మీదే పడుకుని, వాళ్ళమ్మ గళ్ళ చీర ఏ మూలన వేశానో వెతుక్కుంటోంది.

మొదటి వాన పడిన రోజు మా ఆయన బాల్కనీ తలుపు తెరిచి, చల్లగాలి చూసి, "వానలొచ్చేశాయిగా, మిషను మళ్ళీ ఇక్కడ పెట్టేద్దామా?" అన్నారు. అక్కడ అప్పటికే ఆయన పాత పేపర్ల కట్టలు పెట్టేశాను.